ఇంట్లో చేసి ఇచ్చే పండగ గిఫ్టులు: అందరూ అడిగే ప్రశ్నలు, వాటికి నా జవాబులు

పండగ సెలవులు ఇంకో రెండు నెలలు ఉన్నాయనగానే మొదలవుతాయి ఈ ప్రశ్నలు, ఫ్రెండ్స్ నుంచి, చుట్టాల నుంచి, "నువ్వు ఎప్పుడూ ఏదో ఒకటి చేసి ఇస్తావు కదా, నాక్కూడా ఒక ఐడియా చెప్పు" అని. ఒక్కొక్కళ్ళకి ఫోన్‌లో చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెట్టేస్తున్నా. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి డైరెక్ట్‌గా వెళ్ళిపోండి.

ఎవరికి ఏం చేసివ్వాలో అస్సలు తేలట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఆ మనిషికి రోజు ఎలా గడుస్తుందో ఆలోచించండి. పొద్దున్న లేచి ఏం చేస్తారు, ఎప్పుడూ ఏం వెతుక్కుంటూ ఉంటారు, ఏది అయిపోతే మళ్ళీ తెచ్చుకుంటారు. తాళాలు ఎక్కడో పెట్టి ఇల్లంతా వెతికే అన్నయ్యకి తలుపు పక్కన తగిలించుకునే చిన్న హుక్కుల పలక, చలికి పెదాలు పగిలే చెల్లికి లిప్ బామ్, నైట్ డ్యూటీ చేసే ఫ్రెండుకి మధ్యరాత్రి ఆకలేస్తే తినడానికి ఒక డబ్బా గ్రానోలా (ఓట్స్, గింజలు తీపితో కలిపి కాల్చిన చిరుతిండి). ఇలా వెళ్తే ఐడియా దానంతట అదే వస్తుంది. మనకి క్యాండిల్స్ చేయడం వచ్చు కాబట్టి అందరికీ క్యాండిల్సే అని మొదలుపెడితే మాత్రం ఘాటు వాసనలు పడక తలనొప్పి వచ్చే పిన్నికి కూడా అదే వెళ్తుంది, అది అలమరలో మూలన పడి ఉంటుంది.

ఏం తోచకపోతే వాడితే అయిపోయేది ఇవ్వండి. సబ్బు, బిస్కెట్లు, ఒంటికి రుద్దుకునే స్క్రబ్ లాంటివి. షోకేసులో పెట్టుకునే బొమ్మ ఇస్తే వాళ్ళకి నచ్చినా నచ్చకపోయినా ఏళ్ళ తరబడి దాచాల్సి వస్తుంది, మొహమాటానికి పడేయలేరు కూడా.

చేత్తో చేసింది ఇస్తే పిసినారితనం అనుకోరా?

చేసిన విధానాన్ని బట్టి ఉంటుంది. మనం చేసిన వస్తువు మన కంటికి అసలుకన్నా బాగా కనిపిస్తుంది, దీన్ని ఐకియా ఎఫెక్ట్ అంటారు. 2012లో వచ్చిన ఒక పరిశోధనలో మామూలు జనంతో ఒరిగామి బొమ్మలు, అంటే కాగితం బొమ్మలు, మడిపించి విలువ కట్టమంటే, వాళ్ళ బొమ్మలకి నిపుణులు చేసిన వాటితో దాదాపు సమానంగా కట్టారు, అవే బొమ్మలు పక్కవాళ్ళకి చూపిస్తే పెద్దగా లెక్కచేయలేదు. అందుకే ఇచ్చే ముందు ఇంట్లో మొహమాటం లేకుండా మాట్లాడే మనిషికి ఒకసారి చూపించండి. అంచులు నీట్‌గా ఉన్నాయా, మూత సరిగ్గా పడుతుందా, లేబుల్ సరిగ్గా అంటుకుందా, జిగురు బయటికి కనపడుతోందా. గిఫ్టు ఖరీదు ఎవరూ లెక్కేసుకోరు కానీ హడావిడిగా చుట్టబెట్టేసింది మాత్రం చూడగానే తెలిసిపోతుంది.

ఎప్పటి నుంచి మొదలుపెట్టాలి?

ఏం చేస్తున్నారనే దాన్ని బట్టి. కాస్టిక్ సోడాతో మొదటి నుంచి చేసే సబ్బుకి ఆరబెట్టడానికే 4 నుంచి 6 వారాలు పడుతుంది, కాబట్టి రెండు నెలల ముందే చేసి పెట్టుకోవాలి. మొక్క వేళ్ళూని కుండీలో కుదురుకోవడానికి నెలన్నర. స్కార్ఫ్ అల్లడానికి రోజూ కాస్త కూర్చుంటే నెల. సోయా మైనంతో క్యాండిల్ అయితే పోసిన తర్వాత ఒకటి రెండు వారాలు అలా వదిలేస్తే వాసన బాగా పడుతుంది. స్క్రబ్, కుకీ మిక్స్ లాంటివి ఆ వారంలో చేసుకోవచ్చు, కాల్చిన బిస్కెట్లు మాత్రం ఇచ్చే ముందు రోజో రెండు రోజుల ముందో చేయండి.

క్యాలెండర్‌లో పండగ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి, దానికి ఇంకో వారం కలుపుకోండి, ఎందుకంటే చివరి వారంలో ఇంటి పనులే సరిపోతాయి.

నాకు కుట్లూ అల్లికలూ ఏమీ రావు, నాలాంటి వాళ్ళకి ఏదైనా ఉందా?

జార్‌లో కుకీ మిక్స్. పొయ్యి కూడా వెలిగించక్కర్లేదు, అయినా చూసినవాళ్ళు అబ్బ అంటారు. ఒక లీటరు గాజు సీసా, వెడల్పు మూతి ఉన్నది తీసుకోండి, బాగా కడిగి పూర్తిగా ఆరనివ్వండి, లోపల చుక్క తడి ఉన్నా పిండి గడ్డ కడుతుంది. అడుగున 1¾ కప్పుల మైదాలో ముప్పావు టీస్పూన్ బేకింగ్ సోడా, అర టీస్పూన్ ఉప్పు కలిపి వేసి గ్లాసు అడుగుతో గట్టిగా నొక్కండి. దాని మీద ముప్పావు కప్పు ఓట్స్, మళ్ళీ నొక్కండి. తర్వాత అర కప్పు బ్రౌన్ షుగర్, పావు కప్పు పంచదార, పైన ఖాళీ ఎంత మిగిలితే అంత చాక్లెట్ చిప్స్, ఇంచుమించు ముప్పావు కప్పు పడతాయి. ప్రతి పొర నొక్కుతూ వెళ్ళాలి, ఈ ఒక్కటీ వదిలేస్తే రెండు రకాల నష్టం, అన్నీ పట్టవు, పైగా దారిలో కుదుపులకి పొరలు కలిసిపోయి ఆ గీతల అందం పోతుంది. పిండి దుమ్ము సీసా గోడలకి అంటుకుంటే పొడిబట్టని చెంచాకి చుట్టి తుడిచేయండి.

సీసా మెడకి కట్టే కార్డు మీద ఇలా రాయండి: ఈ మిక్స్‌లో 115 గ్రాముల మెత్తబడిన వెన్న, ఒక గుడ్డు, ఒక టీస్పూన్ వెనిలా కలిపి, చిన్న ఉండలు పెట్టి, 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర 10 నుంచి 12 నిమిషాలు. పచ్చి పిండి రుచి చూడొద్దని కూడా ఒక ముక్క రాయండి, పచ్చి మైదాలో, పచ్చి గుడ్డులో జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు. తీసుకునే వాళ్ళింట్లో ఓవెన్ ఉందో లేదో ముందే కనుక్కోండి, ఇది చాలామంది మర్చిపోతారు.

క్యాండిల్స్ ఇంట్లో చేయడం కష్టమా? ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

కష్టం కాదు కానీ ఓపిక కావాలి. మొదటిసారి అయితే గాజు గ్లాసులో పోసే సోయా మైనంతో మొదలుపెట్టండి, అచ్చులూ అవీ వద్దు. 200 మి.లీ. గ్లాసుకి సుమారు 160 గ్రాముల మైనం పడుతుంది. వాసనకి క్యాండిల్స్ కోసమే అమ్మే ఫ్రాగ్రెన్స్ ఆయిల్ వాడండి, మైనం బరువులో 6 నుంచి 8 శాతం, అంటే ఈ గ్లాసుకి 10 నుంచి 13 గ్రాములు. ఎక్కువ పోస్తే వాసన పెరగదు, నూనె పైకి తేలి చెమట పట్టినట్టు అవుతుంది.

మైనాన్ని డైరెక్ట్‌గా మంట మీద పెట్టొద్దు. పెద్ద గిన్నెలో నీళ్ళు మరుగుతుంటే దాని లోపల ఇంకో గిన్నెలో కరిగించాలి. 80 డిగ్రీలు దాటాక దించి, ఆ ఫ్రాగ్రెన్స్ ఆయిల్ వేసి, రెండు నిమిషాలు మెల్లిగా తిప్పండి, గబగబా తిప్పితే గాలి బుడగలు చేరతాయి. 60 డిగ్రీలకి కాస్త అటూ ఇటూ చల్లారాక పోయండి. గ్లాసు మరీ చల్లగా ఉండకూడదు, వేడి మైనం పడగానే పగుళ్ళు రావచ్చు, అందుకని ముందు కాస్త వెచ్చబెట్టండి. వత్తి నిటారుగా నిలబడటానికి రెండు పుల్లల మధ్య ఇరికించి గ్లాసు మూతి మీద అడ్డంగా పెడితే సరిపోతుంది. కాసేపటికి అంచుల దగ్గర నుంచి తెల్లబడటం మొదలవుతుంది, మధ్యలో ఇంకా నూనెలా మెరుస్తూ ఉంటుంది, ఆ టైంలో కదిలించారంటే పైభాగం ఎగుడుదిగుడుగా గడ్డకడుతుంది, రాత్రంతా ముట్టుకోకుండా వదిలేయండి.

వత్తి సైజు గ్లాసు వెడల్పుని బట్టి ఉంటుంది. సన్నది పెడితే మధ్యలో గుంత పడి చుట్టూ మైనం మిగిలిపోతుంది, లావుది పెడితే మసి. అందుకే ఒకటి ముందు మీ ఇంట్లోనే వెలిగించి చూశాకే మిగతావి పోయండి. లేబుల్ మీద మూడు ముక్కలు రాయండి: మొదటిసారి వెలిగించినప్పుడు పైన మైనం అంచుదాకా కరిగేవరకు ఆర్పొద్దు, ప్రతిసారీ వత్తిని 5 మి.మీ.కి కత్తిరించండి, ఒక్కసారికి 4 గంటలు మించి వెలిగించొద్దు. చేసేటప్పుడు ఎప్పుడైనా మైనానికి మంట అంటుకుంటే నీళ్ళు పోయకండి, మంట ఇంకా ఎగసిపడుతుంది, స్టవ్ ఆపి లోహపు మూత పెట్టేయండి.

సబ్బులు చేద్దామనుకుంటున్నా, కాస్టిక్ సోడా అంటే భయం...

భయపడటం మంచిదే. ఇంట్లో చిన్న పిల్లలుంటే అసలు దాని జోలికే వెళ్ళొద్దంటాను. మెల్ట్ అండ్ పోర్ బేస్ అని రెడీగా దొరుకుతుంది, ముక్కలు కోసి కరిగించి, కాస్త సెంటు, ఎండబెట్టిన పూల రెక్కలో ఓట్స్ పొడో కలిపి అచ్చుల్లో పోస్తే రెండు మూడు గంటల్లో సబ్బు రెడీ. ఆ బేస్‌లో గ్లిజరిన్ ఉంటుంది, అది గాలిలో తేమని లాక్కుంటుంది, కాబట్టి సబ్బు గట్టిపడగానే ప్లాస్టిక్ ఫిల్మ్‌తో బిగించి చుట్టేయండి, లేకపోతే మీద నీటిబొట్లు తేలతాయి.

మొదటి నుంచి చేయాలనే పట్టుదల ఉంటే కళ్ళకి సేఫ్టీ గాగుల్స్, చేతులకి గ్లవ్స్ తప్పనిసరి, కిటికీలు తెరిచి ఉండాలి, సోడాని నీళ్ళలో వేయాలి కానీ సోడా మీద నీళ్ళు పోయకూడదు, అల్యూమినియం గిన్నెలు వాడకూడదు ఎందుకంటే సోడాతో కలిసి హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది. నూనెకి ఎంత సోడా అన్నది కంటితో అంచనా వేసేది కాదు, ఒక్కో నూనెకి ఒక్కో లెక్క, గ్రాముల్లో తూచాల్సిందే.

స్క్రబ్, లిప్ బామ్ లాంటివి పాడవ్వవా?

నీళ్ళు తగలనంత వరకు బానే ఉంటాయి. పంచదార స్క్రబ్ అంటే రెండు వంతుల పంచదార, ఒక వంతు నూనె, అంతే. ఇందులో నీళ్ళు లేవు కాబట్టి త్వరగా చెడిపోదు కానీ బాత్రూమ్‌లో తడి చెయ్యి డబ్బాలో పెడితే బూజు పడుతుంది, అందుకే చిన్న చెక్క చెంచా ఒకటి డబ్బాకి కట్టి ఇవ్వండి. రెండు నెలల్లో వాడేయమని రాయండి.

లిప్ బామ్‌కి తేనెమైనం, కొబ్బరినూనె, షియా బటర్ (షియా గింజల నుంచి తీసే కొవ్వు) సమానంగా కరిగించి చిన్న డబ్బీల్లో పోయడమే. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కొబ్బరినూనె అయితే 24 డిగ్రీలకే, కాబట్టి ఎండ ఎక్కువుండే చోటికి ఇస్తుంటే మైనం ఇంకాస్త పెంచండి. నిమ్మ జాతి ఎసెన్షియల్ ఆయిల్స్ (తొక్కల నుంచి తీసే ఘాటైన సువాసన నూనెలు) చర్మానికి రాసుకునే వాటిలో వేయొద్దు, వాటిలో కొన్ని రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలిపోతుంది.

తినేవి ఇస్తే ఏం చూసుకోవాలి?

మొట్టమొదట అలర్జీలు. గింజలు, పాలు, గుడ్డు, గోధుమ, నువ్వులు, సోయా, వీటిలో ఏది ఉన్నా పేరుతో సహా లేబుల్ మీద రాయాలి, "అన్నీ మామూలువే" అంటే కుదరదు. చేసిన తేదీ, ఎన్నాళ్ళలో తినాలో కూడా రాయండి. ఏడాది నిండని బిడ్డ ఉన్న ఇంటికి తేనె కలిపినది పంపిస్తుంటే, బిడ్డకి పెట్టొద్దని గట్టిగా చెప్పండి, పసిపిల్లలకి తేనె వల్ల బోటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు వచ్చే ప్రమాదం ఉంది.

అందమైన సీసాల్లో వెల్లుల్లి, మూలికలు వేసిన నూనె ఫోటోలు చూశాను, అది చేయొచ్చా?

దయచేసి వద్దు. ఈ ఒక్కదాని గురించి నేను ప్రతిసారీ గట్టిగా చెప్తాను. పచ్చి వెల్లుల్లి, పచ్చి ఆకులు నూనెలో మునిగి ఉంటే అక్కడ గాలి ఆడదు, పులుపు ఉండదు, బోటులిజం తెచ్చే బ్యాక్టీరియాకి సరిగ్గా అలాంటి చోటే కావాలి. చూడ్డానికి, వాసనకి ఏ తేడా తెలియదు. చేసినా ఫ్రిజ్‌లో పెట్టుకుని కొద్ది రోజుల్లో వాడేయాల్సిందే తప్ప కిచెన్ గట్టు మీద నెలల తరబడి పెట్టుకునే గిఫ్టుగా పనికిరాదు. ఆ అందమే కావాలంటే పూర్తిగా ఎండిన మూలికలు, ఉప్పు కలిపి సీసాలో ఇవ్వండి, వంటలో రోజూ వాడుకుంటారు.

అమ్మానాన్నలకి, తాతయ్య అమ్మమ్మలకి ఏం ఇవ్వాలి? వాళ్ళకి అన్నీ ఉన్నాయి, ఏం తెచ్చినా ఎందుకమ్మా అంటారు.

ఫోటోలు, మాటలు. వేరే ఆలోచనే వద్దు. ఫోన్లలో వేల ఫోటోలుంటాయి కానీ పెద్దవాళ్ళు వాటిని వెతికి చూసుకోలేరు. ముప్పై నలభై ఏరి ప్రింట్ వేయించి ఆల్బమ్ చేయండి, ప్రతి ఫోటో కింద మీ చేతిరాతతో ఎవరు, ఎక్కడ, ఏ ఏడు అని రాయండి, అక్షరాలు పెద్దగా ఉండాలి, వాళ్ళు కళ్ళజోడు లేకపోయినా చదవగలిగేలా. ప్రింట్ బాగా రావాలంటే అంగుళానికి 300 చుక్కలు కావాలి, అంటే 4×6 ఫోటోకి 1200×1800 పిక్సెల్స్. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫోటో కుంచించుకుపోయి ఉంటుంది, కాబట్టి చుట్టాలని డాక్యుమెంట్‌గా పంపమనండి, అప్పుడు ఒరిజినల్ అలాగే వస్తుంది. పాత కాగితం ఫోటోలుంటే వెలుతురు నేరుగా పడని చోట స్కాన్ చేసి, ఒరిజినల్ మాత్రం ఎప్పటిచోటే భద్రంగా ఉంచేయండి, వాటికి జిగురు రాయకండి. కొత్త ఆల్బమ్‌కి యాసిడ్ ఫ్రీ కాగితం తీసుకుంటే పేజీలు పసుపురంగులోకి తిరగవు.

ఇంకొకటి కూడా నాకు చాలా ఇష్టం. ఇంట్లో అందరి దగ్గరా తలా ఒక జ్ఞాపకం చిన్న చీటీ మీద రాయించి సీసాలో వేసి ఇవ్వడం. "మీరంటే మాకు చాలా ప్రేమ" లాంటివి రాయొద్దని ముందే చెప్పండి, ఒక్క సంఘటన రాయమనండి: సైకిల్ నేర్పించేటప్పుడు వెనక పట్టుకుని ఎక్కడిదాకా పరిగెత్తారో, పరీక్ష పోయిన రోజు ఏమన్నారో. అలాంటి చీటీలు మళ్ళీ మళ్ళీ తీసి చదువుతారు. దూరంగా ఉన్న మనవళ్ళ చేత చిన్న చిన్న మాటలు రికార్డ్ చేయించి పంపినా అంతే.

పెద్దవాళ్ళ వంటలు మీరే దగ్గర కూర్చుని రాసుకుని, చిన్న పుస్తకంగా కుట్టి మిగతా కుటుంబానికి ఇవ్వొచ్చు. "కాస్త", "చూసి వేసుకోవాలి" అన్న చోటల్లా వాళ్ళ చేతిలోది తీసుకుని తూచి గ్రాములు రాసుకోండి, లేకపోతే ఆ పుస్తకం చూసి ఎవరూ వండలేరు.

పిల్లలతో కలిసి చేయగలిగేవి?

ఉప్పు పిండి. రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, ఒక కప్పుకి కాస్త తక్కువ నీళ్ళు, ముద్దగా కలిపి అర సెంటీమీటరు మందంగా ఒత్తి, చెయ్యి అచ్చు వేయించి, దారానికి కన్నం పెట్టి, 100 నుంచి 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఆరబెట్టండి. వెనక పేరు, ఏడు చెక్కండి. తర్వాత రంగులు పిల్లల ఇష్టం, మీరు సరిదిద్దకండి, వంకరగా ఉంటేనే అమ్మమ్మలకి ముద్దు. కుక్క ఉన్న ఇంట్లో మాత్రం అందకుండా పెట్టాలి, అంత ఉప్పు తింటే దానికి ప్రాణం మీదకి వస్తుంది.

మొక్కలు ఇస్తే?

చాలా మంచి గిఫ్టు. మనీ ప్లాంట్ తీగని కణుపు కింద కత్తిరించి ఆ కణుపు నీళ్ళలో ఉండేలా పెడితే రెండు నుంచి నాలుగు వారాల్లో వేళ్ళు వస్తాయి, వేళ్ళు రెండు అంగుళాలయ్యాక కుండీలోకి మార్చండి. కుండీకి అడుగున కన్నం ఉండాలి. వారానికి ఎన్నిసార్లు అని కాకుండా "పై మట్టి ఒక అంగుళం ఎండాకే నీళ్ళు" అని చీటీ పెట్టండి, ఇంట్లో మొక్కలు ఎక్కువగా చచ్చేది నీళ్ళు ఎక్కువయ్యే. పిల్లి, కుక్క నమిలితే మనీ ప్లాంట్ వాటికి విషం, అలాంటి ఇంటికి స్పైడర్ ప్లాంట్ ఇవ్వండి, దాని పిల్ల మొక్కలు ఊరికే నాటుకుంటాయి.

అల్లిక వచ్చు, స్వెటర్ అల్లనా?

టైం తక్కువుంటే వద్దు, కొలతలు కుదరవు. స్కార్ఫ్‌కి ఆ బాధ లేదు, 150 నుంచి 180 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు ఎవరికైనా సరిపోతుంది, మధ్యరకం దారం 200 గ్రాములు తెచ్చుకోండి. ఉన్ని అయితే వేడినీళ్ళలో ఉతికితే ముడుచుకుపోయి బిగుసుకుంటుంది కాబట్టి ఎలా ఉతకాలో రాసివ్వండి, ఇంత కష్టం ఒక్క ఉతుకుతో పోకూడదు.

ప్యాకింగ్ ఎలా చేస్తే బాగుంటుంది?

మెరిసే కాగితం కన్నా గుడ్డ బాగుంటుంది, మళ్ళీ వాడుకుంటారు. జపాన్‌లో ఫురోషికి అని చదరపు గుడ్డలో చుట్టి ముడేస్తారు, గుడ్డ మూల నుంచి మూలకి వస్తువు వెడల్పుకి మూడింతలు ఉంటే చక్కగా పడుతుంది. లేదంటే మామూలు బ్రౌన్ పేపర్, కాటన్ దారం, పైన ఒక ఎండిన ఆకు.

కొరియర్‌లో పంపాలి, ఏవి తట్టుకుంటాయి?

గట్టి బిస్కెట్లు, సబ్బులు, అల్లికలు, ఆల్బమ్‌లు బానే వెళ్తాయి. క్రీమ్ ఉన్నవి, చాక్లెట్ పూత ఉన్నవి, ఎండాకాలంలో క్యాండిల్స్ వద్దు. స్క్రబ్ డబ్బా మూత చుట్టూ టేప్ వేసి, జిప్ కవర్‌లో పెట్టి, దాన్ని ఇంకో కవర్‌లో పెట్టండి. పెట్టె ఊపి చూడండి, లోపల ఏదైనా కదిలితే ఇంకా కాగితం కుక్కాలి.

లిస్టులో ఇరవై మంది ఉన్నారు, అందరికీ వేర్వేరుగా చేయాలా?

అక్కర్లేదు. దగ్గరి వాళ్ళు నలుగురైదుగురికి వాళ్ళ కోసమే ఆలోచించి చేయండి. మిగతావాళ్ళకి ఒకే వస్తువు ఒకే రోజు కూర్చుని చేసేయండి, లేబుల్ మీద పేరు, రెండు లైన్లు మాత్రం ఎవరివి వాళ్ళకి రాయండి. ఆఫీసువాళ్ళకి, పక్కింటివాళ్ళకి చిన్నదే నయం, పెద్దది ఇస్తే తిరిగి ఏదో ఇవ్వాలని ఇబ్బంది పడతారు.

రేపే పండగ, ఏమీ చేయలేదు. ఇప్పుడు ఏం దారి?

ఉత్తరం రాయండి, పూర్తి పేజీ, ఈ ఏడాది వాళ్ళు మీకోసం చేసిన ఒక్క పని గురించి. దాంతోపాటు ఒక కార్డు మీద మీరు నిజంగా చేయగలిగే పనికి మాటివ్వండి, తేదీతో సహా: "ఫలానా శనివారం సాయంత్రం పిల్లల్ని నేను చూసుకుంటా, మీరిద్దరూ బయటికి వెళ్ళండి", "ఫలానా ఆదివారం మీ కంప్యూటర్‌లో ఫోటోలన్నీ సర్ది పెడతా". తేదీ లేకుండా "ఎప్పుడైనా అడుగు" అని రాస్తే ఎవరూ అడగరు. ఆ తేదీని అప్పుడే మీ ఫోన్‌లో కూడా పెట్టుకోండి, ఆ రోజు వాళ్ళు గుర్తు చేయకముందే మీరే ఫోన్ చేసి "ఎన్నింటికి రమ్మంటారు" అని అడగండి.